రోజుకు అయిదు సిరంజిలు

కాంగో నది ఒడ్డున బుంబా అనే రేవు పట్నం ఉంది. అక్కణ్నుంచి మట్టిబాటలో అడవి దారిన వంద కిలోమీటర్లకు పైగా ఉత్తరంగా పోతే యంబుకు వస్తుంది. అప్పట్లో ఆ దేశం పేరు జైర్. 1935లో బెల్జియం కేథలిక్ మిషనరీలు యంబుకులో ఒక ఆసుపత్రి కట్టారు. 1976 నాటికి అందులో 120 పడకలు ఉండేవి, పదిహేడుగురు పనిచేసేవారు. డాక్టరు మాత్రం లేడు. బెల్జియం నుంచి వచ్చిన సిస్టర్లు, వాళ్లతో పాటు స్థానిక నర్సులు, సహాయకులు, అక్కడ వైద్యమంటే వీళ్లే. కాన్పు కష్టమైనా, పసివాడికి మూర్ఛలొచ్చినా, పాత గాయం చీము పట్టినా వాళ్లే చూడాలి. నెలకు ఆరు వేల నుంచి పన్నెండు వేల మంది ఓపీకి వచ్చేవారని తర్వాత లెక్క తేలింది. ఆ జనమంతా ఊరికే రారు. మందు దొరుకుతుందని, తిట్టకుండా చూస్తారని, బిడ్డ బతుకుతుందని నమ్మకం కుదిరితేనే అంత దూరం నడిచి వస్తారు. నలభై ఏళ్లలో ఆ నమ్మకాన్ని సిస్టర్లు సంపాదించుకున్నారు.

ఆ ఆసుపత్రి నాలుగు వారాల్లో కూలిపోయింది. ఎలా కూలిందో చెప్పుకోవాలి.

నర్సుల దయాగుణం మాట వచ్చినప్పుడు మనం త్యాగమూర్తుల పేర్లు తలుస్తాం, దండం పెడతాం, అక్కడితో ఆగిపోతాం. యంబుకు సిస్టర్ల విషయంలో అలా ఆగిపోవడానికి వీల్లేదు. వాళ్ల దయలో లోటు లేదు. అయినా ఆ దయగల చేతుల మీదుగానే చావు ఊరూరికీ వెళ్లింది. ఈ రెండూ నిజమే. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని దాచితే చనిపోయినవాళ్లకు, సిస్టర్లకు కూడా అన్యాయం చేసినట్టే.

ఆగస్టు నెలాఖరున మొదలైంది. మాబాలో లోకెలా అనే 44 ఏళ్ల మనిషి మిషన్ బడిలో పంతులు. తోటి ఉద్యోగులతో కలిసి మిషన్ బండిలో ఉత్తరాది ప్రాంతాలు చూసి 22న తిరిగొచ్చాడు. వస్తూ దారిలో అడవి మాంసం కొన్నాడు. 26న జ్వరమని ఆసుపత్రికి వెళ్లాడు. ఆ అడవుల్లో జ్వరమంటే ముందుగా తలచుకునేది మలేరియానే. క్లోరోక్విన్ సూది వేశారు. జ్వరం దిగింది. సెప్టెంబరు 1న మళ్లీ కాసింది. తర్వాత వాంతులు, విరేచనాలు, వాటిలో నెత్తురు. ఆసుపత్రిలో చేర్చారు. 8న చనిపోయాడు. ఇంటివాళ్లు, అయినవాళ్లు శవాన్ని శుభ్రం చేసి, పట్టుకుని ఏడ్చి సాగనంపారు.

మొదటి రోగి అతనేనా అన్నది ఇప్పటికీ తేలలేదు. ఆగస్టు 28న సుమారు ముప్పై ఏళ్ల కొత్త మనిషి ఒకడు విరేచనాలతో, ముక్కు వెంట నెత్తురుతో ఆసుపత్రిలో చేరాడు. మాది యాండొంగి అని చెప్పుకున్నాడు. రెండు రోజులుండి వెళ్లిపోయాడు. తర్వాత ఎంత వెదికినా అతని ఆచూకీ దొరకలేదు. ఎవరు ముందు తెచ్చినా, ఆ వారంలో ఎప్పుడో ఒకప్పుడు వైరస్ ఆ ఆసుపత్రి సూది మొనకు చేరింది.

ఆ సూది సంగతి వివరంగా చెప్పాలి. ఈ కథకు అదే ఆయువుపట్టు.

యంబుకులో పొద్దున పని మొదలయ్యేటప్పుడు నర్సులకు అయిదు సిరంజిలు, అయిదు సూదులు ఇచ్చేవారు. ఓపీకి, గర్భిణుల క్లినిక్‌కు, వార్డులకు ఆ రోజంతా అవే. ఒకరికి వేసిన సూదిని గిన్నెలో గోరువెచ్చని నీళ్లలో జాడించి తర్వాతి మనిషికి వేసేవారు. పొద్దుపోయాక ఒక్కోసారి మరగబెట్టేవారు. ఒక్కోసారి అదీ లేదు. గోరువెచ్చని నీళ్లు కంటికి కనిపించే ఎరుపును కడుగుతాయి. అంతకు మించి ఏమీ చేయవు. ఈ జబ్బు ముదిరిన మనిషి నెత్తురు చుక్కలో వైరస్ లక్షల్లో ఉంటుంది. సూది గొట్టంలో మిగిలిన తడి చాలు. పైగా చేతికంటిన వైరస్ కంటికో నోటికో చేరి ఒంట్లోకి వెళ్లడం వేరు, సూదితో నేరుగా కండలోకి దిగడం వేరు. ఎలా సోకిందో తెలిసిన 288 మందిలో, కేవలం ఆసుపత్రి సూది వల్లనే సోకినవాళ్లు 85 మంది అని తేలింది. ఆ 85 మందిలో ఒక్కరు కూడా బతకలేదు.

చనిపోయినవాళ్లలో 15 నుంచి 29 ఏళ్ల మధ్య ఆడవాళ్లు ఎక్కువ. దర్యాప్తుకు వచ్చినవాళ్లకు మొదట ఇది అంతుపట్టలేదు. జబ్బుకు వయసుతో, ఆడ మగ తేడాతో పని ఏమిటి? తర్వాత తెలిసింది, వాళ్లలో చాలామంది చూలాళ్లు. క్లినిక్‌కు వచ్చిన గర్భిణులకు బలానికని విటమిన్ సూదులు వేసేవారు. ఒంట్లో ఏ రోగమూ లేని ఆడపిల్లలు, కడుపులో బిడ్డ బాగుండాలని వరసలో నిలబడి వేయించుకున్న సూదులవి. జబ్బుతో ఉన్న తల్లులకు పుట్టిన పసికందులు పదకొండు మంది. పందొమ్మిది రోజులు తిరిగేలోగా పదకొండు మందీ పోయారు.

ఈ వాక్యం దగ్గర ఎవరైనా కాసేపు ఆగాల్సిందే. ఆ సూదులు వేసిన చేతులకు ఆ గర్భిణుల మీద ద్వేషం లేదు. పేరుపేరునా తెలిసిన మనుషులు వాళ్లు. కొందరి తొలి కాన్పు ఆ సిస్టర్ల చేతుల మీదే జరిగి ఉంటుంది. మేలు చేస్తున్నామనే నమ్మారు. వరసలో నిలబడ్డవాళ్లూ అదే నమ్మారు.

సెప్టెంబరు రెండో వారానికి జ్వరాలతో వచ్చేవాళ్లు పెరిగారు. నెత్తురు వాంతులు, నెత్తురు విరేచనాలు, చిగుళ్ల నుంచి నెత్తురు. మలేరియా మందు పనిచేయలేదు, టైఫాయిడ్ మందూ పనిచేయలేదు. సిస్టర్లు పని ఆపలేదు. వాంతులు ఎత్తారు, పక్కబట్టలు మార్చారు, తలకింద చెయ్యి పెట్టి నీళ్లు తాగించారు, పురుళ్లు పోశారు, చనిపోయేవాళ్ల పక్కన కూచుని ప్రార్థన చేశారు. ఆ జబ్బుకు తగిన తొడుగులు వాళ్ల దగ్గర లేవు. సెప్టెంబరు 19న సిస్టర్ బియాటా చనిపోయింది. తెల్లవాళ్ల మందులున్న సిస్టరే పోయిందంటే ఇక మా గతేమిటని జనం గుండెలు జారిపోయాయి. పడకల మీది రోగులు లేచి ఊళ్లకు పారిపోయారు. జబ్బూ వాళ్లతోనే వెళ్లింది. ఆ చుట్టుపక్కల 55 ఊళ్లకు అది పాకింది.

బుంబాలో డాక్టరుగా ఉన్న ఎంగోయ్ ముషోలా సెప్టెంబరు మధ్యలో యంబుకు వచ్చి రోగుల్ని చూసి, లక్షణాలన్నీ వరసగా రాసి పైకి నివేదిక పంపాడు. ఈ జబ్బు గురించి లోకంలో తొలి వైద్య నివేదిక అదే. రాజధాని కింషాసా నుంచి జాన్ జాక్ ముయెంబె అనే యువ వైద్యుడు వచ్చాడు. రోగుల చేతుల నుంచి నెత్తురు తీస్తే, సూది తీశాక కూడా ఆ రంధ్రం నుంచి కారుతూనే ఉంది. ఆయన చేతులు మణికట్టు దాకా నెత్తుటితో తడిశాయి. చేతి తొడుగులు లేవు. సబ్బుతో కడుక్కున్నాడు. తాను బతికి బయటపడ్డానికి ఆ సబ్బే కారణమని ఆయన తర్వాత చాలాసార్లు చెప్పాడు. జబ్బుపడ్డ సిస్టర్ మిరియమ్‌ను ఆయన కింషాసాకు తీసుకెళ్లాడు. సిస్టర్ ఎడ్మొండా తోడుగా వెళ్లింది. సెప్టెంబరు 30న మిరియమ్ చనిపోయింది. ఆమెకు సేవ చేసిన ఎడ్మొండా అక్టోబరులో అదే జబ్బుతో పోయింది. ఇక్కడ యంబుకులో సిస్టర్ రొమానా పోయింది. నలుగురు సిస్టర్లు.

ఆసుపత్రి మూతపడింది. మూసెయ్యమని ఎవరో తీసుకున్న నిర్ణయం కన్నా, నడిపేవాళ్లు మిగలకపోవడమే అసలు కారణం. పదిహేడుగురిలో పదకొండు మంది చనిపోయారు.

ఆసుపత్రికి తాళం పడ్డాక జబ్బు తగ్గడం మొదలుపెట్టింది. ఈ కథలో నన్ను బాగా కలచివేసే సంగతి ఇదే. నలభై ఏళ్లు తెరిచి ఉండి ప్రాణాలు నిలిపిన తలుపులు మూసుకున్నందువల్ల ప్రాణాలు నిలిచాయి. సూదులు ఆగాయి. అడవిలోని ఊళ్ల పెద్దలు మశూచి రోజుల నాటి కట్టుబాట్లు గుర్తు తెచ్చుకున్నారు. బాటలకు అడ్డంగా మాను దుంగలు వేసి రాకపోకలు ఆపారు. పెద్ద పెద్ద సంస్థల మనుషులు అక్కడికి చేరేసరికి మంట చాలావరకు చల్లారింది. సెప్టెంబరు 1 నుంచి అక్టోబరు 24 దాకా 318 మందికి జబ్బు సోకింది. 280 మంది చనిపోయారు.

అంతకు ముందే జబ్బుపడ్డ ఒక సిస్టర్ నెత్తురు నమూనా థర్మాస్ ఫ్లాస్కులో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌కు వెళ్లింది. రెండు సీసాల్లో ఒకటి దారిలోనే పగిలింది. మిగిలినదాన్ని చూసినవాళ్లలో పీటర్ పియట్ అనే 27 ఏళ్ల పరిశోధకుడు ఉన్నాడు. సూక్ష్మదర్శినిలో పొడుగ్గా, పురుగులా మెలికలు తిరిగిన వైరస్ కనిపించింది. అక్టోబరులో అతను జైర్ వచ్చి, అమెరికన్ వైద్యుడు కార్ల్ జాన్సన్ నాయకత్వంలోని అంతర్జాతీయ బృందంతో కలిశాడు. యంబుకు చేరేసరికి మిగిలిన సిస్టర్లు అతిథి గృహంలో ఉన్నారు. దాని చుట్టూ తాడు కట్టి ఉంది. దాటితే చస్తారు, ఆగండి అని లింగాలా భాషలో రాసిన పలక ఉంది. మహమ్మారి వచ్చినప్పుడు చుట్టూ గిరి గీయాలని వాళ్లు ఎక్కడో చదివారు. ఉన్నది ఉన్నట్టు అర్థం చేసుకుని తాడు కట్టుకుని, లోపల జపమాల తిప్పుకుంటూ చావు కోసం ఎదురుచూస్తున్నారు. పియట్ తాడు దాటి వెళ్లి వాళ్ల ఫ్లెమిష్ భాషలోనే పలకరించాడు.

ఆ తాడు జబ్బును ఆపగలిగే సాధనం కాదు. అయినా నాకు దాని మీద గౌరవం ఉంది. అంతవరకూ సిస్టర్లు జబ్బు నుంచి జనాన్ని కాపాడుతున్నామనుకున్నారు. తాడు కట్టిన రోజున, మా నుంచి కూడా జనాన్ని కాపాడాలి అనుకున్నారు. నర్సుకు ఉండాల్సిన నైతిక స్పృహ అంటే నేను అనుకునేది ఇదే. రోగి బాధ చూసి కన్నీళ్లు రావడం మంచి మనసు. నా చెయ్యి వల్ల ఇతనికి ఏమైనా కావచ్చునా అని తనను తాను ప్రశ్నించుకోవడం దానికి మించిన మెట్టు. యంబుకులో ఆ ప్రశ్న వచ్చింది. కానీ ఆలస్యంగా వచ్చింది. అప్పటికీ తాడు కట్టింది ఇంటి చుట్టూ. సూదుల గిన్నె మీద ఎవరికీ అనుమానం రాలేదు.

దర్యాప్తు బృందం ఊరూరా తిరిగి ఎవరికి ఎప్పుడు జబ్బు చేసింది, ఎక్కడికి వెళ్లారు, ఎవరి అంత్యక్రియల్లో పాల్గొన్నారు అని అడిగి రాసుకుంది. లెక్కలన్నీ రెండు చోట్లకే దారితీశాయి. శవాల్ని తాకే అంత్యక్రియలు ఒకటి. ఆసుపత్రి సూది రెండోది. ఈ రెండోది సిస్టర్లకు చెప్పవలసి వచ్చింది. తోటివాళ్లను పోగొట్టుకుని, చావు అంచున కూచుని ఉన్న ఆడవాళ్లకు, ఈ చావులు మీ చేతుల మీదుగానే జరిగాయని ఎలా చెబుతారు? చెప్పాము గానీ, మాటలు మరీ జాగ్రత్తగా ఎంచుకున్నామని పియట్ చాలా ఏళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు. ఆ సంకోచం నాకు అర్థమవుతుంది. అది సరైనదని మాత్రం అనలేను. నిజం పూర్తిగా వినే హక్కు సిస్టర్లకు ఉంది. తర్వాత అక్కడ సూది పట్టుకునే ప్రతి నర్సుకూ ఉంది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ జీవితంలోనూ ఇలాంటి ఘడియే వచ్చింది. 1854 చలికాలంలో స్కుటారీ సైనిక ఆసుపత్రిలో ఆమె రాత్రింబవళ్లు చాకిరీ చేస్తుంటే సైనికులు గాయాల కన్నా విరేచనాలతో, జ్వరాలతో ఎక్కువగా చనిపోయారు. 1855 వసంతంలో పారిశుధ్య సంఘం వచ్చి ఆసుపత్రి కింద కుళ్లిన మురుగు కాలువల్ని బాగుచేశాక చావులు తగ్గాయి. యుద్ధం ముగిసి ఇంటికి వెళ్లి, గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి లెక్కలు తిరగేస్తే, తాను నడిపిన వార్డుల్లోని మురికే ఎంతమందిని తీసుకెళ్లిందో ఆమెకు కళ్లకు కట్టింది. ఆమె దాన్ని దాచలేదు. బొమ్మలు గీసి మరీ ప్రభుత్వానికి చూపించింది. ఆమెను దీపధారిణిగా పూజించేవాళ్లు ఈ సంగతి తక్కువ చెబుతారు. నా మట్టుకు నాకు ఆమె గొప్పతనం దీపం కన్నా ఆ లెక్కల కాగితాల్లోనే ఎక్కువ కనిపిస్తుంది. యంబుకులో పోయిన సిస్టర్లకు అలా వెనక్కి చూసుకునే ఆయుష్షు మిగల్లేదు.

ఇంతకూ తప్పెవరిది?

సూదిని మరగబెట్టాలన్న సంగతి 1976లో కొత్త కాదు. అప్పటికి సుమారు వందేళ్లుగా వైద్యానికి తెలుసు. తెలిసి కూడా చేయకపోవడం తప్పే. అవసరం లేని విటమిన్ సూదులు వేయడమూ తప్పే. సిస్టర్లను నిర్దోషులని నేను చెప్పలేను. కానీ ఆ తప్పును వాళ్ల మీదే వదిలి చేతులు దులుపుకుంటే అంతకన్నా పెద్ద తప్పు. నెలకు వేల మంది వచ్చే ఆసుపత్రికి ఒక డాక్టరును ఇవ్వనిది ఎవరు? యాభై సిరంజిలు కొనివ్వనిది ఎవరు? ఆ దేశంలో రాగి ఉంది, కోబాల్ట్ ఉంది, వజ్రాలున్నాయి. దాని పాలకుడు మొబుటు. ఈ మహమ్మారికి రెండేళ్ల ముందు, 1974 అక్టోబరులో కింషాసాలో మహమ్మద్ అలీ, జార్జ్ ఫోర్‌మన్‌ల బాక్సింగ్ పోటీ జరిపించడానికి ఒక్కొక్కరికి 50 లక్షల డాలర్లు ముట్టాయి. ఆ సొమ్ము సమకూర్చింది మొబుటు ప్రభుత్వమే. అంతకు ముందు దశాబ్దాల పాటు ఆ నేలను ఏలి, రబ్బరు, రాగి తరలించుకుపోయిన బెల్జియం 1960లో వెళ్లిపోయేనాటికి ఆ దేశస్థుల్లో ఒక్క డాక్టరునూ తయారు చేయలేదు. యంబుకు సిస్టర్లు ఈ రెండు ఖాళీల మధ్య నిలబడి ఒక ఆసుపత్రిని మోశారు. మోయలేని బరువు అది. బరువు మోసినవాళ్ల మీద నింద పడింది. మోయించినవాళ్ల పేర్లు దర్యాప్తు రికార్డుల్లో లేవు.

కింషాసాలో మరో చావు ఉంది. సిస్టర్లను చేర్చిన ఎంగలియెమా క్లినిక్‌లో మాయింగా ఎన్‌సెకా అనే నర్సు ఉండేది. ఇరవైల్లో ఉన్న అమ్మాయి. పై చదువుకు విదేశం వెళ్లే ప్రయత్నంలో ఉంది. యంబుకు నుంచి వచ్చిన సిస్టర్లకు సేవ చేసింది. అక్టోబరు రెండో వారంలో ఆమెకు ఒళ్లు వెచ్చబడింది. అది ఏ జ్వరమో ఆమె ఊహించి ఉండాలి. అదే జబ్బుతో సిస్టర్ ఎలా పోయిందో దగ్గరగా చూసింది. అయినా తన పనిచోటుకు వెళ్లి చెప్పలేదు. ప్రయాణపు కాగితాల కోసం విదేశాంగ శాఖ కార్యాలయానికి వెళ్లింది. నగరంలోని పెద్దాసుపత్రి మామా యెమోలో జనం మధ్య గంటలకొద్దీ వరసలో కూచుంది. సంగతి బయటపడేసరికి కింషాసా వణికిపోయింది. ఆమెను తాకినవాళ్ల కోసం వెదికారు, విడిగా ఉంచారు. వాళ్లలో ఎవరికీ జబ్బు రాలేదు.

ఆమెను తప్పుపట్టినవాళ్లు ఉన్నారు. నర్సు అయి ఉండీ అలా చేయవచ్చా అన్నారు. అనవచ్చు. అయితే అన్నవాళ్లు ఒక మాట ఆలోచించాలి. చావు ఖాయమని కళ్లారా చూసిన జబ్బు తన ఒంట్లో ఉందని ఒప్పుకోవడం అంటే, తెచ్చుకోబోయే చదువును, విమానాన్ని, రేపును తన నోటితో తానే కాదనుకోవడం. ఆ రెండు రోజులు ఆమె నర్సుగా కాక భయపడిన ఆడపిల్లగా ఉంది. ఆమె రోగుల దగ్గర ఉన్నన్ని రోజులూ నర్సుగానే ఉంది. దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన వైద్యురాలు మార్గరెత ఇసాక్సన్ ఆమెను కాపాడాలని ఎంతో ప్రయత్నించింది. అంతకు ముందు, ఇలాంటిదే అయిన మార్‌బర్గ్ జ్వరం నుంచి కోలుకున్న మనిషి రక్తరసాన్ని కూడా ఎక్కించి చూశారు. దక్కలేదు. అక్టోబరు మూడో వారంలో మాయింగా చనిపోయింది.

కొత్త జబ్బుకు పేరు పెట్టాల్సి వచ్చినప్పుడు, యంబుకు అని పెడితే ఆ ఊరికి ఎప్పటికీ పోని మచ్చ పడుతుందని పరిశోధకులు ఆలోచించారు. ఆ ప్రాంతపు నది పేరు తీసుకుని ఎబోలా అన్నారు. ఊరికి దక్కిన ఆ దాక్షిణ్యం మాయింగాకు దక్కలేదు. ఆమె రక్తం నుంచి వేరుచేసిన వైరస్ రకానికి ఆమె పేరే ఉంది. ప్రపంచంలో ఎక్కడ ప్రయోగశాలలో ఎబోలా మీద పనిచేసినా మాయింగా రకం అనే మాట వస్తుంది. ఆ మాట వాడేవాళ్లలో ఎంతమందికి అది ఒక నర్సు పేరని తెలుసో.

యంబుకు పాఠం ఆ దేశమే నేర్చుకోలేకపోయింది. నేర్పేవాళ్లు, సామాను ఇచ్చేవాళ్లు లేకపోతే ఎలా నేర్చుకుంటుంది? 1995లో కిక్విట్ పట్టణంలో మళ్లీ వచ్చింది. 315 మందికి సోకింది, సుమారు 250 మంది పోయారు. సోకినవాళ్లలో ఆసుపత్రుల సిబ్బందే 80 మంది. ఒక రోగికి ఆపరేషన్ చేసినవాళ్ల నుంచి మొదలై వార్డులకు పాకింది. ఇటలీ బెర్గామోలోని ఒక మఠానికి చెందిన ఆరుగురు సిస్టర్లు ఒకరికొకరు సేవ చేసుకుంటూ వారాల తేడాతో చనిపోయారు. చేతి తొడుగులు, మాస్కులు, గౌన్లు వచ్చాక సిబ్బందిలో కొత్తగా జబ్బుపడేవాళ్లు దాదాపు ఆగిపోయారు. కావలసింది ఆ మాత్రమే. అప్పుడు ఆ పట్టణానికి వచ్చిన ముయెంబె, బతికి బయటపడ్డ ఒక రోగి రక్తం మీద పరిశోధనకు పునాది వేశాడు. ఆ కృషి నుంచి వచ్చిన మందు ఇప్పుడు ఎబోలా రోగుల ప్రాణాలు నిలుపుతోంది. ఇప్పుడు టీకా కూడా ఉంది. 1976లో యంబుకుకు కావలసింది మందూ టీకా కాదు. పొయ్యి మీద మరిగే నీళ్లూ, మరో నాలుగు డజన్ల సూదులూ.

ఇది ఆఫ్రికా అడవుల్లో జరిగిన సంగతి, మనకేమిటి అనుకునే పాఠకులు ఉండవచ్చు. గుజరాత్‌లోని మొడాసా ప్రాంతంలో 2009లో ఒకే సిరంజిని పదేపదే వాడినందువల్ల హెపటైటిస్ బి వ్యాపించి ఎందరో పోయారు. ఉత్తరప్రదేశ్‌లోని బంగర్‌మవ్‌లో 2018లో ఒక నాటు వైద్యుడి సూది వల్ల పదుల మందికి హెచ్‌ఐవీ సోకిందని బయటపడింది. మన తెలుగు పల్లెల్లో సూది వేయని వైద్యుడి దగ్గరికి రెండోసారి పోనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఒళ్లు నొప్పులకు సూది, నీరసానికి సూది, జలుబుకు సూది. యంబుకు గర్భిణులు వరసలో నిలబడ్డది కూడా ఇలాంటి నమ్మకంతోనే.

కరోనా రోజుల్లో మన నర్సులు తొడుగుల కోసం రోడ్డెక్కిన సంగతి చాలామంది మరిచిపోయారు. చప్పట్లు కొట్టాం, పళ్లేలు మోగించాం. గ్లౌజులు ఇవ్వండి, ఒకే మాస్కు రోజుల తరబడి వాడలేం అని వాళ్లు అడిగినప్పుడు మాత్రం, ఈ సమయంలో ఆందోళనలేమిటని విసుక్కున్నాం. వాళ్లు అడిగింది తమ ప్రాణం కోసమే కాదు. తమ చేతుల మీదుగా జబ్బు పక్క పడకకు వెళ్లకూడదని కూడా. యంబుకులో ఎవరూ అడగలేకపోయిన మాటను వాళ్లు అడిగారు.

అందుకని చదువరులను కోరేది ఇదీ. మీ ఊరి పీహెచ్‌సీలో నర్సమ్మ సిరంజిలు అయిపోయాయి, గ్లౌజులు రాలేదు అని చెబితే ఆమె మీద కోప్పడకండి. ఆమె పక్కన నిలబడి, ఇవ్వాల్సినవాళ్లను మీరూ అడగండి. మాత్రతో తగ్గే జబ్బుకు సూది వేయమని పట్టుబట్టకండి. సూది తప్పదన్నప్పుడు, కొత్త సిరంజి కవరు మీ కళ్ల ముందు చించమని అడగండి. అడిగినందుకు ఏ మంచి నర్సూ నొచ్చుకోదు.